పీల్చకుండా వాయించిన పాట

ముందు మీరేం చూశారో చెప్పండి. వెనక్కి తిరగకండి, బల్ల చివర టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ కొట్టుకి కొత్తవారు. మీకు నా మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. సాక్ష్యానికి అంతకంటే ఏం కావాలి? నేను జేబులోంచి మౌతార్గాన్ తీశాను, చూశారా? రుమాలుతో తుడిచాను. పెదాల దాకా తెచ్చాను. అప్పుడు ఈ దర్జీ ఫక్కున నవ్వాడు, నేను దించేశాను. అంతే కదా జరిగింది? 'వాయించలేదు' అనండి, ఒప్పుకుంటాను. 'వాయించలేకపోయాడు' అంటే మాత్రం ఊరుకోను. ముప్పై నాలుగేళ్ళు మిల్లులో నేను తగువులాడింది ఇలాంటి తేడాల కోసమే. వాళ్ళు 'పని చేయలేదు' అని రాసేవాళ్ళు, మేం 'పని ఇవ్వలేదు' అని దిద్దించేవాళ్ళం.

సంగతేమిటంటే, ఆదివారం మా పాత మిల్లు వాళ్ళ సభ. మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళయింది, మేం మాత్రం ఇంకా మూతపడలేదు. అదిగో, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చున్నారే, ఆయన మా యూనియన్ సెక్రటరీ. ఆయన చేతిలోది సభ కాగితం. పన్నెండు గంటలకల్లా అది ప్రెస్సుకి వెళ్ళాలి. అధ్యక్షుడి పేరుంది, మాట్లాడేవాళ్ళ పేర్లున్నాయి, అన్నిటికంటే కింద 'లాకౌట్ నాటి పాట, మౌతార్గాన్ మీద' అని రాసి పక్కన ఒక ఖాళీ గీత గీశారు. ఆ గీత మీద నా పేరు పడాలి. దాపరికం దేనికి, పడాలనే ఉంది నాకు. డెబ్బై రెండేళ్ళలో నా పేరు అచ్చులో పడింది ఒక్కసారే. అది సస్పెండ్ చేసినవాళ్ళ జాబితా, అందులోనూ ఇంటిపేరు తప్పు.

వాయించి చూపించమన్నారు సెక్రటరీ గారు. చూపిస్తాను. కానీ నవ్వేవాళ్ళ ముందు వాయించను. ఈ దర్జీ ఏమంటాడో తెలుసా, బాయిలర్ బాబాయ్ వాయించేది మౌతార్గాన్ కాదు, సొంత డబ్బా అంటాడు. అననీయండి. ఈ వాద్యం పట్టుకున్నవాడికి ఇవన్నీ అలవాటే.

మౌతార్గాన్ వాయిస్తానని ఎవరితోనైనా చెప్పి చూడండి. నూటికి నలభై మంది మీ జేబు వంక చూస్తారు, అందులో పిల్లికూన ఉందేమో అన్నట్టు. ఇంకో నలభై మందికి ఒక మావయ్య ఉంటాడు, ఆ మావయ్యకి చిన్నప్పుడు ఒక మౌతార్గాన్ ఉంటుంది, అది ఎక్కడో పోయి ఉంటుంది. పోయినదాని గురించి అరగంట చెబుతారు గాని, మీ చేతిలో ఉన్నదాన్ని వాయించమని అడగరు. మిగిలిన ఇరవై మంది ఏదీ ఒకటి వాయించండి అంటారు, మీరు ఎత్తుకోగానే పక్కవాడితో నీళ్ళ పంపు గురించి మొదలుపెడతారు. ఫిడేలు అనండి, కుర్చీ వేస్తారు. మౌతార్గాన్ అనండి, వేసిన కుర్చీ తీసి ఫిడేలువాడికి ఇస్తారు.

నేను మిల్లులో చేరిన రోజున మేనేజరు నీకేం వచ్చు అని అడిగాడు. బాగా వాయిస్తానండీ అన్నాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, ఇంతకుముందు ఎవర్ని వాయించావు అన్నాడు. ఇలాంటివాణ్ణి జనంలో ఉంచకూడదని నన్ను తీసుకెళ్ళి బాయిలర్ దగ్గర పడేశాడు. అంటే నేను బాయిలర్ వాణ్ణి అయింది కూడా ఈ మౌతార్గాన్ వల్లే.

"ఇంతవరకూ నిజమే," అంటున్నారు సెక్రటరీ. ఇక ముందు కూడా నిజమే సార్, వినండి.

దరఖాస్తు కాగితంలో 'ఇతర విద్యలు' అని ఒక గడి ఉంటే, గొప్పగా ఉంటుందని మౌతార్గాన్ అనకుండా హార్మోనికా అని రాశాను. గుమాస్తా ఆ మాట జన్మలో వినలేదు. కుర్రవాడికి రాయడం రాలేదు పాపం అనుకుని, జాలిపడి, హార్మోనియం అని దిద్దాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వార్షికోత్సవం నాడు స్టేజీ మీద తివాచీ, తివాచీ మీద నా అంత హార్మోనియం, దాని వెనక నేను. ముందు వరసలో మేనేజరు, పక్కన ఆయన మామగారు, ఆ మామగారు పేరు మోసిన హార్మోనియం విద్వాంసుడు. నేను హార్మోనియం ముట్టుకున్నవాణ్ణి కాదు. లేచి పారిపోవాలా? మౌతార్గాన్ తీసి మెట్ల మధ్యలో పెట్టి, తల వంచి నోటితో అందుకున్నాను, పైన రెండు చేతులూ ఊరికే ఆడించాను. ఎంత లీనమైపోయాడో చూడండి, ముక్కుతో కూడా మెట్లు నొక్కుతున్నాడు అన్నారట జనం. విద్వాంసుడు వచ్చి నా చేతులు పట్టుకుని, బాబూ, తిత్తి కదపకుండా హార్మోనియం పలికించినవాణ్ణి ఇవాళే చూశాను అన్నాడు. మర్నాడు తన హార్మోనియాన్ని అటకెక్కించి ఇంకెప్పుడూ దించలేదు.

"అటక మీద అదింకా మోగుతోందా బాబాయ్?" అని అడుగుతున్నాడు దర్జీ. గాలి వీచినప్పుడు మోగుతుందనే విన్నాను.

అది చిన్న విషయం. అసలు డాక్టరు ఏమన్నాడో చెప్పాలి. దూది దుమ్ములో పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయాలని మేం రెండేళ్ళు కొట్లాడి సాధించాం. నా వంతు వచ్చింది. డాక్టరు ఆ ఫిల్ముని వెలుగుకి ఎత్తి చూసి, నీకేం అలవాట్లున్నాయి అన్నాడు. చుట్ట లేదు, సారా లేదు, మౌతార్గాన్ ఉంది అన్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అందరికీ ఊపిరితిత్తులు సంచుల్లా ఉంటాయి కదా, నావి వరసగా పది గదులు, ఒక్కో గదికి ఒక తలుపు. ఫ్యాను గాలి తగలగానే ఆ ఫిల్ము కూనిరాగం తీసింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. వరండాలో దగ్గుతూ కూర్చున్న నలభై మంది మనవాళ్ళు ఆ రాగం విని, తాళం తప్పకుండా, ఒకే శ్రుతిలో దగ్గారు. డాక్టరు నా చీటీ మీద 'జబ్బు లేదు, వాద్యం ఉంది' అని రాసిచ్చాడు.

"ఊదరగొట్టడమే గాని ఈయన ఊదగా మేమెప్పుడూ చూడలేదు," అంటాడీ దర్జీ. నీకు పుట్టుకతోనే కత్తెర నాలుకరా అబ్బాయ్. లాకౌట్ నాటికి నువ్వు మీ అమ్మ చంకలో ఉన్నావు, నువ్వేం చూస్తావు?

మీకు చెబుతాను, మీరు వినండి. పదకొండు నెలలు. గేటుకి లోపల నుంచి వాళ్ళ తాళం, బయట మా గుడారాలు. ముందు మగవాళ్ళ గుడారం, దాని వెనక వంట గుడారం, అందులో నూలు చుట్టే వైండింగు ఆడవాళ్ళు. ఇదిగో, ఈ టీ కొట్టు చెల్లెమ్మ అప్పట్లో వైండింగులోనే ఉండేది, మిల్లు పోయాక ఈ పొయ్యి పెట్టుకుంది. తొమ్మిది వందల మందిమి. నాలుగో నెలకి ఇళ్ళలో గిన్నెలు అమ్ముకున్నాం. ఐదో నెలలో ఒక్కొక్కరే వచ్చి, అన్నా, లోపలికి పోయి సంతకం పెట్టేస్తాం అనడం మొదలుపెట్టారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ పిల్లల్ని నేనూ చూస్తున్నాను కదా. అప్పుడు గేటు ముందుకి వెళ్ళి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పాట అందుకున్నాను. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

"అది మా నాన్న కూడా చెప్పాడు," అంటున్నాడు దర్జీ. చూశారా, వీడే ఒప్పుకున్నాడు.

మీ నాన్న చూసింది అంతేరా. పదకొండో నెలలో ఒకనాడు ఆ పాట గేటు దూరి లోపలికి వెళ్ళింది. కరెంటు లేదు, మనిషి లేడు, నాలుగు వందల మగ్గాలు వాటంతట అవే తాళం వేయడం మొదలుపెట్టాయి. కాపలావాళ్ళు లాఠీలు పడేసి మగ్గాల మీద పడి ఆపబోతే, వాళ్ళ చొక్కాల మీదే చారలు నేసేశాయి. సైరన్ తనంతట తాను అందుకుంది, కొంచెం అపశ్రుతిలో అందుకుంది. నేను చెయ్యెత్తి ఆపి, సరిచేసి, మళ్ళీ పాడించాను. గొట్టంలోంచి ఎప్పుడో పోయిన పొగ వినడానికి వెనక్కి తిరిగొచ్చింది. వాన మొదలైంది గాని గేటు వరకూ వచ్చి, పాట అయ్యేదాకా పక్కన నిలబడింది. యజమాని మేడ మీదనుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, ఆపవయ్యా, ఏమడిగితే అది ఇస్తాను అన్నాడు. నేను ఆపానా? ఆపితే మాట మారుస్తాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు, ఒక్క క్షణం ఊపిరి పీల్చకుండా, అలా ఊదుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా పీల్చలేదు. ఆయన సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర గుద్దాక అప్పుడు పీల్చాను. ఆ పీల్చిన విసురుకి ఆయన టోపీ వచ్చి నా ఒళ్ళో పడింది.

ఏం చెల్లెమ్మా, గ్లాసులు కడగడం ఆపేశావు?

"ఏం లేదన్నయ్యా, చిన్న అనుమానం," అంది. మీరూ విన్నారు కదా, ఎంత మెత్తగా అందో. "దాంట్లో ఒక్కో బెజ్జానికి రెండు స్వరాలుంటాయి. ఊదితే ఒకటి, పీలిస్తే ఒకటి. స, గ, ప ఊదితే వస్తాయి. రి, మ, ద, ని పీలిస్తేనే వస్తాయి. మూడు రోజులు పీల్చకుండా వాయించానంటున్నావు. మరి మన పాట రి తోనే కదా మొదలు, అది ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

దర్జీ నవ్వుతాడనుకున్నాను, వాడూ నవ్వలేదు, నోరెళ్ళబెట్టి ఆమెనే చూస్తున్నాడు. ఇదంతా నీకెలా తెలుసమ్మా అన్నారు సెక్రటరీ. ఆమె చేతులు తుడుచుకుని, నా చేతిలోంచి మౌతార్గాన్ తీసుకుని, అరచేతి మీద రెండుసార్లు తట్టింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అలా తట్టలేదు. తరువాత ఏం జరిగిందో మీరే చూశారు. ఊదుతూ, పీలుస్తూ, మొదటి నుంచి చివరిదాకా ఆ పాటే. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఎవరూ లేవలేదు. మావయ్య గురించి గాని, నీళ్ళ పంపు గురించి గాని ఒక్కడూ ఎత్తలేదు.

అవునండీ, నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. పాట వంట గుడారంలోంచి వచ్చేది. నేను ముందు నిలబడి చేతులు నోటి దగ్గర పెట్టుకునేవాణ్ణి. అందరూ నా వైపే చూశారు, నేను కాదనలేదు. కాదనడానికి మొదటి రోజు సిగ్గేసింది, రెండో రోజు భయమేసింది, మూడో రోజుకి బాగుంది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని సెక్రటరీ కోప్పడ్డారు. ఆయన కోపం నా మీద కాదు, ఆమె మీద, అదీ చూడండి. ఆమె మౌతార్గాన్ వాయిస్తానని ఇంట్లో చెబితే, ఆడదాని నోట్లో అదేమిటి, తీసి అవతల పారేయ్ అన్నారట. అక్కడ గేటు ముందేమో జనం కూర్చున్నారు కదా, ఎవరి పేరైతేనేం, పాట ఆగకపోతే చాలనుకుందట.

ఆ తర్వాత సెక్రటరీ వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది. "పాట నాదే. కానీ రోజూ ఆరింటికి గేటు దగ్గర పిలుపు ఊదింది మాత్రం ఈయనే. స, గ, ప, మూడే వచ్చు ఈయనకి. పైది ఎప్పుడూ కీచుమనేది. ఆ కీచు వినే మేమంతా లేచేవాళ్ళం. వాన పడ్డా, జ్వరమొచ్చినా, పదకొండు నెలల్లో ఒక్కరోజు మానలేదు."

నా పదిగదుల ఊపిరితిత్తుల్లో ఎక్కడో ఏదో అడ్డం పడింది. దగ్గాను. శ్రుతిలో రాలేదు.

అయితే ఇద్దరి పేర్లూ రాసేద్దాం అన్నాడు దర్జీ, వాడికేం, గుడ్డ చాలకపోతే అతుకు వేస్తాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళూ కలిపే వినిపించాం, చాల్లే. నా పేరు రాస్తే నేను వాయిస్తాను. అన్నయ్య పేరు రాస్తే అన్నయ్యే వాయించాలి, పాట మొత్తం, పీలుస్తూ. వెనక గుడారం ఉండదు," అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి నేను తలదించుకున్నాను.

ఎవరు చేసిన పనికి వాళ్ళ పేరు ఉండాలని జీవితమంతా గేట్ల ముందు అరిచినవాణ్ణి. ఏం చెప్పాలో నాకు తెలియక కాదు. నోరు తెరిస్తే అదే మాట రావాలి, తెరిస్తే మళ్ళీ కోత ఒకటి మొదలవుతుందేమోనని భయంగా ఉంది. అచ్చులో ఒక్కసారి పేరు చూసుకోవాలనీ ఉంది, ఇంటిపేరు సరిగ్గా వేసి. ఇక్కడున్న వాళ్ళందరూ ఆవిడ టీ తాగేవాళ్ళో నా మాటలు తాగేవాళ్ళో, ఎవర్నడిగినా మొహమాటమే. పన్నెండు కావస్తోంది. సెక్రటరీ పెన్సిలు నాలుకకి తడి చేసుకుని మీ వైపే చూస్తున్నారు. అన్నీ చూశారు, అన్నీ విన్నారు. ఆ గీత మీద ఎవరి పేరు రాయమంటారు?