బంతుల తొట్టి పక్కన

పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలతో ఆట హాలు హోరెత్తుతోంది. రంగు బంతుల తొట్టి పక్కన వదినా మరదలూ నిలబడ్డారు. మరదలి కూతురు తల్లి చెయ్యి పట్టుకుని తొట్టి వైపే చూస్తోంది.

“తొట్టిలోకి దించవే దాన్ని. పాపం, దిష్టిబొమ్మలా నిలబెట్టావ్.”

“ఆ బంతుల మీద ఎంతమంది తుమ్మారో ఏమో వదినా! దీనికి న్యుమోనియా తగ్గి రెండు నెలలేగా.”

“ఆడుకోనివ్వమని డాక్టరే చెప్పాడుగా?”

“ఆయన చెప్తాడు. ఆసుపత్రిలో రాత్రంతా మేలుకున్నది నేను.”

“నిజమే. అలాగని గాజు బీరువాలో పెట్టి పెంచుతావా?”

“పెంచుతా, నీకేం... అయ్యో, ఈ పిల్లాడు పడ్డాడు! రా నాన్నా, దెబ్బేం లేదులే. ముక్కు చీదు. గట్టిగా. అదీ! ఇక పరిగెత్తు.”

“ఎవరే ఆ పిల్లాడు?”

“ఏమో, ఎవరి పిల్లాడో.”

“ఎవరో తెలీకుండానే ఉత్త చేత్తో ముక్కు తుడిచేశావా?”

“తుడిచాను కదూ!”

“ఇప్పుడేం చేస్తావ్? చెయ్యి నరుక్కుంటావా?”

“నరుక్కోవడమెందుకు? సబ్బుతో కడుక్కుంటా. ఈలోగా నువ్వు దీన్ని తొట్టిలోకి దించు. కేకు ముట్టుకునేముందు దీని చేతులూ కడిగిస్తా.”

“ఎంతసేపు ఆడనివ్వమంటావ్?”

“అది చాలనేదాకా.”