కాపలా స్టూలు

సముద్రపొడ్డున కుటీరాలు నడిపే కుటుంబంలో పెద్దావిడ స్టూలు వేసుకుని అలలకేసి చూస్తోంది. నిన్ననే బసకు దిగిన యువతి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆవిడ దగ్గరికొచ్చింది.

“పాప నీళ్లలో ఆడతానంటోంది పిన్నిగారూ. నాకేమో కాళ్లూ చేతులూ ఆడటం లేదు.”

“అక్కడ మోకాలి లోతేనమ్మా. పంపించు, నేను చూస్తున్నాగా.”

“మీకు ఈత బాగా వచ్చా?”

“అస్సలు రాదు. అల లేస్తే నా గుండె జారుతుంది.”

“మరి మిమ్మల్నెందుకు కూర్చోబెట్టారు?”

“ఈదడానికి నా కొడుకులిద్దరూ నీళ్లలోనే ఉన్నారుగా. ధైర్యవంతులు కదా, కబుర్లలో పడిపోతారు. నేను పిరికిదాన్ని, రెప్ప వెయ్యను. ముప్పై ఏళ్లుగా ఇదే నా కొలువు.”

యువతి వేళ్లు మెల్లగా సడలాయి. పాప తుర్రుమంది.

“కొంచెం జరగండి పిన్నిగారూ, నేనూ కూర్చుంటా.”

“మొత్తం నువ్వే కూర్చో తల్లీ. నన్ను మించిన పిరికిదానివి దొరికావు, ఇన్నాళ్లకి తీరిగ్గా టీ తాగొస్తా.”