జూలు జూడకు, చెవి జూడు

ఏమంటివి? ఎవలి మనుమనివి? కురుమ పోశన్న మనుమనివా! ఆగాగు, ఇటు దిరుగు, ఎలుగుల నిలవడు. అవ్ రా, గదే ముక్కు. కూసో బిడ్డా, నీ డ్యూటీ బస్సు రావాల్నంటె ఇంక శానసేపు వడ్తది. నేనే ముత్యాన్ని. ఇప్పుడంటె గీ గేటుకాడ కుర్సీ ఏస్కొని వాచ్‌మన్ కూసున్నగని, మీ తాత, నేను గీ అస్కర్ లేబర్ క్యాంపులనే ఏడేండ్లు ఒక్క రూముల పండినం. కింది మంచం ఆనిది, మీది మంచం నాది. మీ అమ్మమ్మ నా పేరు చెప్పి తోలిందా? తోల్తది. ఎందుకు తోలది.

సింహాల ముచ్చట నిజమేనా అంటవా? నిజమే. తొంభై నాలుగుల మా అరబ్బు సేటు కఫీల్‌కు ఒక తెల్లదొర దోస్తు ఉండె. ఆఫ్రికల పెద్ద అడివి, గండ్ల మొగ సింహాలను ఎతుకుడు, ఏది ఏదో గుర్తువట్టి బుక్కుల రాసుడు, గదే దొర పని. మొగయి ఒంటిగ తిరగయట. ఇద్దరో ముగ్గురో అన్నదమ్ములు జట్టుగడ్తయట. జట్టు ఉన్నన్ని రోజులే ఆ జాగ వాటిది, ఒక్కటి తగ్గిందంటె కొత్తయి వచ్చి పిల్లలను సంపుతయట. గందుకే ఏది ఉన్నది, ఏది వోయింది అని దొరకు గంత పట్టింపు. వండివెట్ట, డేరాలెయ్య మనిషి గావాల్నంటె కఫీల్ మీ తాతను మూడు నెలలు తోలిండు. నేను తిట్టిన. 'నీకేమన్న పిచ్చా? భీమవ్వ వదినను ముండమోపిని జేస్తవారా?' అన్న. ఆడు నవ్విండు. 'రెండువందల గొర్లను మొకం జూసి గుర్తువట్టినోన్ని, ఇయ్యెంతనే' అన్నడు. అగో, గంత ధీమా ఆనికి. గా వేషాలకే కఫీల్ ఆన్ని ఇష్టపడేటోడు, నన్ను జూస్తె మాత్రం... సరె తియ్యి, నా ముచ్చటెందుకు.

ఒకనాడు ఇసుకల అడుగులు వట్టుకొని పోంగ పోంగ చెట్టుకింద ముగ్గురు అన్నదమ్ములు పండి కనవడ్డయట. దొర బుక్కు జూసి, 'నల్ల జూలు, ఇది కొత్తది' అన్నడట. మీ తాత, 'నై సాబ్, కొత్తది నై, పాతదే' అన్నడట. మీసాల కాడ సుక్కలుంటయట బిడ్డా, కుడిదిక్కు ఒక తీరు, ఎడమదిక్కు ఇంకో తీరు, సచ్చేదాక మారయట. ఎడమ చెవికి గంటు గూడ ఉండెనట. మనోళ్ళు గొర్ల చెవులకు గంట్లు వెడ్తరు గదా, ఎవలియి ఎవలియో తెల్వాల్నని. గదే కన్ను ఆనిది. పాత ఫోటోలు దీసి జూస్తె మీ తాత మాటే నిజం. రెండేండ్ల కింద సచ్చిందని దొర బుక్కుల కొట్టేసిన సింహమట అది! బతికే ఉన్నది.

ఇగ వచ్చినంక రూమంత గదే ముచ్చట. 'జూలు జూడకన్నా, జూలు ఊడ్తది, రంగు మారతది. చెవి జూడు.' రాజోలు దిక్కు లోవరాజు అని మా రూమాయనే, ఎక్కిరిచ్చేటోడు. 'ఏవండీ పోశన్నగారూ, మరి నా చెవి చూసి నేనెవరో చెప్పండి చూద్దాం!' మీ తాతకు శిన్నప్పుడే రెండు చెవులు కుట్టిచ్చిన్రు. పోగులు అమ్ముకున్నా తూట్లు ఉండె. 'నీకు తూటే లేదు, ఎవలి మందల గలుపాలె నిన్ను' అనేటోడు. ఇద్దరు ఒక్క ఎత్తు, ఒక్క లావు. గదే మా కొంప ముంచింది.

తొంభై ఆరు. శుక్రవారం అందరి డ్యూటీ డాంగ్రీలు ఒక్క డ్రమ్ముల ఉతికి ఒక్క తీగెకు ఆరేస్తుంటిమి. తెల్లారి చేతికి దొరికింది తొడుక్కునుడే, సరిపోతె సాలు. ఛాతి మీద ఎవలి నంబరున్నదో ఎవడు జూస్తడు? గా శనివారం రంగుడబ్బల స్టోరు అంటుకున్నది. లోపల ఇద్దరే. మీ తాత, లోవరాజు. దవాఖాన్ల ఫోర్‌మన్ నా రెక్క వట్టుకొని, 'యల్లా ముత్యం, జల్దీ, నంబర్ దేఖో, సైన్ కరో' అంటడు. ముందుగాల సూపిచ్చిన పీనుగుకు ఒక దిక్కు మొకమే లేదు బిడ్డా. ఇంకో దిక్కు గుడ్డ కప్పిండ్రు. జానెడు గుడ్డ లేపితె చెవి కనవడు. లేపలె. భయమైంది. నంబరు జూసిన, పోశన్ననే అన్న, సంతకం వెట్టిన. ఇగ రెండోది లోవరాజే అని ఆళ్ళే రాసుకున్నరు.

రెండు నెలలకు మీ అమ్మమ్మ ఉత్తరం రాపిచ్చింది. 'మరిదీ, పెట్టె తెరిచిన. ఈయన చెవులకు తూట్లు లేవు. కుళ్ళిందమ్మా నీకు తెల్వదు అని పెద్దమనుషులు కాలవెట్టిచ్చిన్రు. నా పెనిమిటి ఏడున్నడు?' అని. అప్పటికే మీ తాతను రాజోలు కాడ లోవరాజు తల్లి సూర్యావతమ్మ తన కొడుకనుకొని కాలవెట్టిచ్చుకున్నది. నేనేం రాసిన ఎరికేనా? తప్పు సంతకమని తెలిస్తె నన్ను ఇంటికి తోల్తరని, 'దవాఖాన్ల నుంచి ఒకడు తప్పిచ్చుకున్నడంటున్నరు వదినా, ఎతుకుతున్న' అని రాసిన. గట్ల రాసిన చెయ్యి ఇరిగిపోనుండె. మీ అమ్మమ్మ ఇప్పటికి గూడ కాళ్ళ మెట్టెలు తియ్యలేదంటివి. గా పాపం నాదే కొడుకా.

ఏంది, ఫోను దీస్తివి? ఎవలికి? వద్దురా... కలిసిందా? ఇటియ్యి, నేనే చెప్త. నేనే చెప్పాలె.

అలో... వదినా. నేను ముత్యాన్ని. ఆఁ, మనుమడు ఈన్నే ఉన్నడు, మంచిగున్నడు. ఆఁ?... లేదు వదినా. ఇంక దొరకలె. ఎతుకుతనే ఉన్న.

ఇగో, తీస్కో ఫోను. బస్సచ్చింది, నడు.