హేమావతి ముఖం మీద డాక్టరు చెయ్యి

పిట్టమ్మా, ముందు నిన్ను పిలిచి తర్వాత నా పేరు చెప్తానంటే మేజిస్ట్రేటు అయ్యగారు సరేనన్నారు.

నా పేరు నాగలక్ష్మమ్మ. వయసు ముప్పై ఎనిమిది. యాడికి మండలం పెద్దరాళ్లపల్లిలో వేరుశనగ చేలల్లో కూలికి పోతాను. రెండో తరగతి చదివాను. నా భర్త పోయాక ఆయన అన్న దాసప్ప ఇంట్లోనే ఉంటున్నాను. పిట్టమ్మ అంటే నా కూతురు హేమావతి, పదమూడేళ్లది. డాక్టరు గంగాధర్ గారు దాని ముక్కూ నోరూ మూసి చంపాడని దాసప్ప బావ కేసు పెట్టి, నన్ను సాక్షిగా రాయించాడు. నేను చూసింది చెప్తున్నాను.

గంగాధర్ గారు మా ఊరి సర్కారు ఆసుపత్రికి వచ్చి ఇరవై రెండేళ్లు. రెండుసార్లు బదిలీ వస్తే రెండుసార్లూ వద్దన్నారు. హేమావతి పుట్టింది ఆయన చేతుల మీదే. ఏటా కలుపు తీసే కాలంలో చేలగట్ల వెంట తిరిగి, పాము కరిస్తే తన దగ్గరికే రమ్మని చెప్పేవారు. "మంత్రాల రామాంజులును గూడా పిల్చుకోని రాండమ్మా. సూది నేనేస్తా, మంత్రం ఆయప్ప చదువుతాడు" అనేవారు. మేం నవ్వేవాళ్లం.

2003 ఆగస్టు 19, మంగళవారం. పొద్దున తొమ్మిదికి చేనులో హేమావతి కాలిని నాగుపాము కరిచింది. నేను రామాంజులు దగ్గరికే తీసుకుపోయాను. ఎవరూ పొమ్మనలేదు. నేనే. అతను వేపాకు నమిలించాడు. చేదుగా ఉందంది. "చేదుండాదంటే విషమెక్కలేదు" అన్నాడు. పదకొండున్నరకు దాని రెప్పలు వాలిపోయాయి.

పన్నెండుకు ఆసుపత్రి చేరాం. విషానికి మందు ఎక్కిస్తుండగానే ఊపిరి ఆగింది. డాక్టరుగారు దాని ముక్కూ నోరూ రబ్బరు మూతతో గట్టిగా మూసి, మూతకున్న సంచిని నొక్కడం మొదలుపెట్టారు. తెలియక ఆ చేతిని లాగేశాను.

"చెయ్యి ఇడువు నాగలక్ష్మమ్మా. ఇది గాలి. పాప రొమ్ము చూడు" అన్నారు.

చూశాను. నొక్కితే లేస్తోంది, వదిలితే దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది.

అప్పుడే బావ లోపలికొచ్చాడు. "ఏమప్పా డాక్టరూ, పాపను ఊపిరాడకుండా నొక్కి సంపుతాండావా?" అని ఇనుప స్టూలెత్తి ఆయన నుదుటి మీద కొట్టాడు. రక్తం కంట్లోకి కారింది. తుడుచుకోవాలంటే చెయ్యి తీయాలి. తీయలేదు.

"కొడితే కొట్టు దాసప్పా, చేతుల మీద మాత్రం కొట్టొద్దు" అన్నారు. అయ్యా, చెయ్యి తీయలేదు.

ఒంటిగంటకు జీపులో అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరాం. ఆయన వేళ్లు కొంకర్లు పోయినప్పుడు మూత తాను పట్టుకుని సంచి నా చేతికిచ్చారు. "నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా నొక్కమ్మా" అన్నారు. కడుపులో ఉన్నప్పటిలా అది మళ్లీ నా ఊపిరితోనే బతికింది. రెండూ నలభైకి గుండె ఆగింది. జీపు ఆపించి మూడుంపావు దాకా దాని రొమ్ము నొక్కుతూనే ఉన్నారు. చాలు సార్ అన్నది నేను.

"నేను చెయ్యి లాగినందుకా సార్?" అని అడిగాను.

"కాదమ్మా. పొద్దున ఆలస్యమైపాయ" అన్నారు. నన్ను ఓదార్చడానికి కూడా అబద్ధమాడలేదు.

ఆలస్యం నాది. ఆయన తప్పు లేదు. ఇట్లా చెప్తే ఇంట్లోకి రానివ్వనని బావ అన్నాడు. అయినా ఇదే చెప్తాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నా నోట వచ్చినట్టే ఉంది. హేమావతి మీద ఒట్టు, ఇందులో కల్పించింది లేదు.

నాగలక్ష్మమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

ముద్ర వేశాక చెప్పినది: ఈ కాగితం గంగాధర్ గారికీ చదవడానికి ఇస్తారంట. ఆయన తిండి మానేశారని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. సార్, ఆసుపత్రి ముందర చూపించుకోడానికి జనం మీకోసం కూర్చున్నారు. కడుపునిండా అన్నం తినండి.