విండోస్‌కీ లినక్స్‌కీ సంబంధం కుదిర్చిన టిబేరియు

"థీసిస్ ప్రింటయిందా అని అడుగుతావేమిటి ఒతీలియా! కూర్చో, ఈ పొద్దుతిరుగుడు గింజలు తిను. నీ కంప్యూటర్లో ఉన్నది విండోస్. ప్రింటరేమో ఎదురు బ్లాకు ఐదో అంతస్తులో, ఓవిడియు గారి లినక్స్‌ది. ఒకదాని భాష ఒకదానికి రాదు. ఆ రెంటికీ సంబంధం కుదిర్చిందెవరు? నేను!"

"అది కాదు టిబేరియు అన్నా, రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఇవ్వకపోతే నా డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది."

"ఉండవమ్మా, వింటేగా! మన బ్లాకు మేడ మీంచి ఎదురు బ్లాకుకి వైరు విసిరానా, మొదట రెండూ మూతి ముడుచుకు కూర్చున్నాయి. 'నువ్వెవరు?' అంటుంది లినక్స్. 'ముందు పాస్‌వర్డ్ చెప్పు' అంటుంది విండోస్. ఇలా కాదని రెంటికీ నా సొంత భాషొకటి నేర్పించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోస్టాఫీసులో మూలనపడ్డ యంత్రం దానంతటదే లేచి, నన్నూ కలుపుకోండి అంది. కలిపా. రైల్వేస్టేషన్ గడియారం వచ్చింది. దాన్నీ కలిపా. అప్పట్నుంచీ బుకారెస్ట్ రైలు ముందే వచ్చేస్తోంది!"

"ఇవాళ గంటన్నర లేటు," అన్నాడు పొరుగింటి నికనోర్, అదే బెంచీ చివర కూర్చుని గింజల పొట్టు ఉమ్ముతూ.

"నా వైరు దాటాక లేటయి ఉంటుందిలే, దానికి నేనేం చేసేది? అక్కడితో ఆగిందా? నల్ల సముద్రంలో ఓడలు, వాటి పైన ఉపగ్రహం! 'టిబేరియు గారూ, మీ భాష మాకూ నేర్పండి' అని ఉపగ్రహం ఒకటే బతిమాలడం. పనిలో ఉన్నా, ఆదివారం రమ్మన్నా."

ఎదురు బ్లాకు నాలుగో అంతస్తు పరస్కీవా పెద్దమ్మ బట్టల బుట్టతో వచ్చి నిలబడింది.

"ఇవన్నీ నడిచేది ఆ నల్ల వైరులోంచేనా నాయనా?"

"అందులోంచే పెద్దమ్మా! దాని మీద చెయ్యి వేసేవు, ప్రపంచం ఆగిపోతుంది."

"చెయ్యేమిటి, నాలుగు రోజులుగా దుప్పట్లే ఆరేస్తున్నా. దాని కొస ఐదో అంతస్తుకి పోలేదురా, నా కిటికీ ఊచకి చుట్టి ఉంది. నువ్వే చుట్టి, నా చేత కాఫీ పెట్టించుకు తాగి, మిగతాది రేపు చూస్తానని దిగిపోయావు."

నికనోర్ నవ్వాపుకోలేక గింజ గొంతుకడ్డం పడి దగ్గాడు. టిబేరియు వైరు వంక చూశాడు. దాని మీద పూల దుప్పటి ఒకటి హాయిగా ఊగుతోంది.

ఒతీలియాకి కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇతన్ని నమ్మలేక ముందే సంచిలో వేసుకొచ్చిన థీసిస్ సీడీ తీసి అతని ఒళ్ళో పడేసింది.

"లే. లిఫ్టు పాడయింది, ఓవిడియు గారింటికి ఐదంతస్తులూ మెట్లెక్కు. ప్రింటయ్యేదాకా ఆ వైరువి నువ్వే."