బావిలో దొరికిన తాళంచెవి

హలో… ఆ, నేనేనక్కా. మ్యూజియం నుంచే.

బావ ఎలా ఉన్నారు?… ఆపరేషన్ రేపు పొద్దున్నేనా… ఏమైనా తిన్నారా?… ఆ. నన్ను తాళంచెవి గురించే అడుగుతారని తెలుసు.

అక్కా, నువ్వు కాస్త వరండాలోకి రా. ఆయనకి వినపడకూడదు… వచ్చావా?

తాళంచెవి పోయింది.

కాదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. పొడైపోయింది. డబ్బా మూత తీస్తే ఎర్రటి పొట్టు, అంతే…

నేనింకా శుభ్రం చేయడం మొదలే పెట్టలేదే! దాని వంతు వచ్చేదాకా స్టోర్‌రూంలో పెట్టాం. అక్కడ తేమ లాగే మిషన్ ఆగిపోయింది. నెలన్నరగా ఎవరూ చూళ్ళేదు… నేనూ చూళ్ళేదు. ఏడొందల ఏళ్ళు బావి బురదలో ఉన్న ఇనుమక్కా, గాలి తగిలితే నిలవదు.

ఫోటోనా? అందులో తుప్పు ముద్దే కనపడుతుంది. ఎక్స్‌రే తీస్తేగానీ చెవి పళ్ళు తెలీవు. మంగళవారం తీద్దామనుకున్నా…

ఇంకోటి చూపించడమా? ఆయనకా?… పన్నెండేళ్ళు తవ్వారక్కా ఆ ఇంటిని. కాలిన గదిలో నలుగురి ఎముకలు, తలుపు దగ్గర కుప్పగా… పసిదాని పుర్రె తన చేతుల్తోనే ఎత్తారు. అందరూ ప్రమాదమే అన్నారు. బయట తాళం వేసి తగలబెట్టారని ఈయనొక్కరే అన్నారు. తలుపు తాళం దొరికింది. పెరటి బావిలో ఈ చెవి దొరికింది. రెండూ సరిపోయుంటే… ఇంకెవరు నమ్ముతారులే ఇప్పుడు.

ఎవరు?… ఆయనే లేచొచ్చారా? వద్దక్కా, ఫోనివ్వకు—

బావా!… ఆ, బాగానే ఉన్నా. మీరెందుకు లేచారు?…

ఎక్స్‌రేనా?… ఆ… తీశాం బావా.

పళ్ళా?… సరిపోయాయి. మూడూ.

… అయ్యో, ఏడవకండి. మీరన్నదే నిజమైంది.

ఏంటి?… రిపోర్టులో నా సంతకమా?… ఎక్స్‌రే పంపాలా? ఇప్పుడే?… ఆ, వింటున్నా. ఆపరేషన్‌కి లోపలికెళ్ళే ముందు ఒక్కసారి చూసుకోవాలని… ఆ…

బావా, లేదు. ఎక్స్‌రే లేదు. తాళంచెవే లేదు. పొడైపోయింది. నా దగ్గరే, నా గదికి రెండు గదుల అవతల…

అవును. ఇందాక చెప్పింది అబద్ధం.

బావా?… తిట్టండి. ఏదో ఒకటి అనండి…

అక్కా, నువ్వా?… ఏమన్నారు?… వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారా…

సరే… ఫోన్ పెట్టేయకక్కా. కాసేపు అలాగే ఉండు…

అక్కా?… పెట్టేశావా?