గింజలు కదలని గది

ఫల్గుణ చెప్పేవన్నీ కోతలని అరకు సంతకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. రమణికి మాత్రం అది తెలుసుకునే తీరిక లేదు. విశాఖలో బీచి దగ్గర కాఫీ కొట్టులో ఆమెకు పని దొరికింది, సోమవారం పొద్దున్నే చేరాలి. చిన్నప్పటినుంచీ కాఫీ పళ్ళు కోసిన చేతులకి కప్పులందించడం ఒక లెక్కా? పని దొరికింది గానీ గది దొరకలేదు. ఫోనులో ముగ్గుర్ని అడిగింది. అయిదేళ్ళ పాప ఉందనగానే ఒకావిడ వద్దంది. ఇంకొకాయన అద్దె చెప్పగానే తనే ఫోను పెట్టేసింది. మూడో ఆయన ఏ ఊరని అడిగి, విని, మళ్ళీ చేస్తానన్నాడు, చెయ్యలేదు. పాపను వదిలి వెళ్ళదు. గది లేకపోతే పనీ లేనట్టే.

"మా ఇల్లున్నాది కదమ్మీ, సంతకి రా, సెప్తాను" అన్నాడు ఫల్గుణ. పక్క ఊరివాడే, ఎనిమిది నెలలు విశాఖలో ఉండి పదిరోజుల కిందటే తిరిగొచ్చాడు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఆమె సన్యాసిరావు సావుకారు టీకొట్టులో, బల్లమీద ముసలి దేముడమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. పొద్దుట పట్టిన మంచు ఇంకా విడలేదు. ఎదురుగా అల్లం కుప్పలూ కోళ్ళ గంపలూ కనిపించీ కనిపించకుండా ఉన్నాయి.

"బండి దిగీసరికి ఏటున్నాది?" మొదలెట్టాడు ఫల్గుణ, గ్లాసు పక్కన పెట్టి. "స్టేషను బయట పెద్ద బిల్డింగు కడతన్నారు. సిమెంటు బస్తాలు మోసీవోళ్ళు నాలుగో అంతస్తు కాడ కూకుండిపోయి రొప్పుతున్నారు. ఏటి బాబూ, ఇదొక ఎక్కుడేనా, మా ఊరినుంచి రోడ్డుకి రావాలంటే ఇలాంటివి పది ఎక్కీసి దిగాల, అనీసి ఒక బస్తా ఎత్తుకున్నాను. అంతే, పనిచ్చీసినారు. దిగిన అరగంటకి పని."

"ఇంతవరకూ బాగానే ఉంది" అన్నాడు సోంబరు. సోంబరు ఆటో నడుపుతాడు, టీ ఎప్పుడూ అప్పే తాగుతాడు, ఎవరినీ నమ్మడు.

"ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? రెండో నాటికి రెండేసి బస్తాలు, మూడో నాటికి నాలుగేసి. అక్కడ లిప్టొకటున్నాది, అది నాతో పోటీకొచ్చింది. నాను పైకెల్లి బస్తాలు దించి, బీడీ కాల్సుకుని, కిందకొచ్చీసరికి అదింకా రెండో అంతస్తు కాడ కిర్రుకిర్రుమంటన్నాది. ఆఖరికి సిగ్గుపడిపోయి తలుపులు మూసీసుకుంది. మెకానిక్కొచ్చి గంటసేపు బతిమాలినా తెరవలేదు."

అందరూ నవ్వారు. రమణి కూడా నవ్వింది గానీ, "ఇంటి సంగతి చెప్పన్నా" అంది.

"దానికే వస్తన్నాను. పట్నంలో పని బేగి దొరుకుద్ది, ఇల్లే దొరకదు. బ్రోకరొకడు గది సూపించినాడు. బాగుంది గానీ, మనం గింజలు సూడకండా ఇంట్లో అడుగెడతామా?"

ఆ మాటకు దేముడమ్మ తల ఊపింది. కొండమీద ఇల్లు కట్టాలంటే ముందు ఆ చోటును అడగాలి. సాయంత్రం మూడు బియ్యపు గింజలు పెట్టి, పైన ఆకుదొప్ప బోర్లించి వచ్చేస్తారు. తెల్లారి తీసి చూస్తే గింజలు పెట్టినచోటే ఉంటే కట్టుకోవచ్చు. కదిలితే ఆ చోటు వద్దంటున్నట్టు. రమణి కాపరమున్న ఇంటికీ అలాగే చూశారు.

"గింజలెట్టినాను. బాబూ, రేపు పొద్దున్న సెప్తాను, అనీసి ఆ రాత్రి అక్కడే తొంగున్నాను. పొద్దున్న సూస్తే గింజలు కదిలిపోనాయి. వద్దన్నాను. ఇంకో గది, ఇంకో రాత్రి. అలాగ నలబై ఇళ్ళలో నలబై రాత్రులు, రూపాయి అద్దె లేదు."

"ఒరే, గింజలెట్టిన కాడ మడిసి తొంగోకూడదు కదరా" అంది దేముడమ్మ. "నువ్వు దొర్లితే కదలవేటి?"

"పట్నం గింజలకి ఆ పద్ధతి తెల్దు పెద్దమ్మా. నువ్వు సెప్పీదాకా నాకూ తెల్దు." ఏమాత్రం తడుముకోలేదు. "ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? ఊరంతా తెలిసిపోనాది. కొండమీంచి ఒకాయనొచ్చినాడు, గింజలేసి ఇల్లు మంచీసెడ్డా సెప్తన్నాడని. నాను వద్దన్న ఇంట్లో మరెవులూ దిగరు. ఇంటోళ్ళందరూ కార్లేసుకొచ్చి నా ఎనకాల లైను కట్టీసినారు, మా ఇంట్లో తొంగోండి బాబూ, మా ఇంట్లో తొంగోండి అని. ఆ లైను కంచరపాలెం దాటిపోనాది."

"భోజనం కూడా పెట్టేవారా?" అడిగాడు సావుకారు, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"కోడి మాంసం. నాకు నీసు మొకం మొత్తీసి, అంబలి కాయమని అడిగీవోణ్ణి. అప్పుడొచ్చినాడు ఆ ముప్పై అంతస్తుల బిల్డింగాయన. సముద్రం ఒడ్డునే. పైన ఆఖరి గదిలో గింజలెట్టినాను. పొద్దున్న దొప్ప తీస్తే..."

ఆగి, ఒక్కొక్కరి ముఖం చూశాడు.

"కదిలినాయా?" అంది రమణి.

"కదల్లేదు. మొలకెత్తినాయి! కిటికీ తెరిసుంటే రాత్రంతా మబ్బులు లోపలికొచ్చి తడిపీసినాయి. మధ్యాన్నానికి నారయింది. వారానికి గదంతా వరి. సముద్రం గాలికి ఇటూ అటూ ఊగతన్నాది. నాను మధ్యలో సాపేసుకుని తొంగునీవోణ్ణి. మబ్బులు మెల్లిగా వొచ్చి, గోడకానుకుని, కాసేపు కూకుని ఎల్లిపోయీవి. తడిబట్టలు వాటిమీదే ఆరేసీవోణ్ణి. ఇంకో కిటికీ తెరిస్తే మన కొండలు. దగ్గరగా, సెయ్యి సాపితే అందీలాగ. మా అమ్మ పొయ్యి ఊదతంటే ఆ పొగ నాకు కనపడీది. అమ్మా, ఏటి వొండతన్నావు అంటే, సామలన్నం రా అనీది. వినపడీది."

సోంబరు కూడా తాగడం మరిచిపోయాడు. అతని చేతిలో టీ చల్లారిపోతోంది.

రమణి బల్లమీద కూర్చునే ఆ గదిలోకి వెళ్ళిపోయింది. చాప పరిచింది. పాప వరి మధ్య దాక్కుంటే వెతికింది. పనినుంచి వచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే మబ్బొకటి వచ్చి పక్కన కూర్చుంది, ఏ ఊరని అడగలేదు. పాప ఆ కిటికీ దగ్గరికి పరిగెత్తి, అమ్మా మన కొండ, అంటూ మునివేళ్ళమీద నిలబడింది. రమణి ఉరికి పాప గౌను పట్టుకుంది.

"మరి ఇప్పుడా ఇల్లెవరు చూస్తున్నార్రా?" అన్నాడు సావుకారు.

"ఎవులు సూస్తారు? తాళమేసి వొచ్చినాను. నాదే కదా."

"అన్నా" అంది రమణి. "ఎల్లుండి బండికి నేనూ పాపా దిగుతాం. తాళంచెవి ఎవరినడగాలో చెప్పు. ఇంకోటి. ఆ కిటికీకి కమ్మీలున్నాయా? ముప్పై అంతస్తులంటున్నావు. మా గుంటపిల్ల ఒక్కచోట నిలవదు."

సోంబరు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానేశాడు. దేముడమ్మ తలదించుకుంది.

ఫల్గుణ నోరు తెరిచాడు. కమ్మీలు వెండివని చెబుదామనుకున్నాడో ఏమో, ఆ మాట రాలేదు. ఇన్నేళ్ళనుంచీ ఎంతమందికో ఎన్నో చెప్పాడు, ఒక్కరూ మూట సర్దుకుని వస్తాననలేదు.

"కిటికీ లేదమ్మీ" అన్నాడు చివరికి. "మెట్ల కింద గది. ఆరుగురం. ముగ్గురు పగలు తొంగునీవోళ్ళు, ముగ్గురు రాత్రి. బిల్డింగు పని అయిపోగానే అదీ ఖాళీ సెయ్యమన్నారు. నా దగ్గర ఏ తాళమూ లేదు."

రమణికి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. "ఎల్లుండి బండన్నా! పాపనేసుకుని స్టేషన్లో దిగిపోయేదాన్ని కదా!" అని గట్టిగానే అంది. సంతలో అటు పోయేవాళ్ళు ఆగి చూశారు. ఫల్గుణ జేబులోంచి ఫోను తీశాడు.

"ఒకావిడుంది. ఈశ్వరమ్మని, కొయ్యూరావిడ. మా కూలోళ్ళకి వొంట సేసీది. కంచరపాలెం కాడ కొండవాలులో రేకుల గది. ఆడోళ్ళకి సోటిస్తాది."

"మరి మొదట్నుంచీ ఆ మాట చెప్పలేదేం?"

"ఆవిడకి నా సంగతంతా తెలుసు" అన్నాడు ఫల్గుణ.

నంబరు నొక్కాడు. ఆ ఫోనులో చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు, స్పీకరు వేయాల్సిందే. అందరూ ఉన్నారని చూశాడు. వేశాడు.

"ఎవులూ, ఫల్గుణేనా?" అంది ఆ గొంతు, గిన్నెల చప్పుడు మధ్యనుంచి. "తిన్నావా? ఒంట్లో బాగుందా? మీ అమ్మ కాడికి సేరినావా?"

"సేరినాను పిన్నీ. మా పక్కూరి గుంటొకర్తి వస్తన్నాది. అయిదేళ్ళ పాపుంది. కాఫీ కొట్టులో పని. నీ కాడ సోటుంటాదా?"

"పాపుంటే ఏటి? రమ్మను. నా పక్కన తొంగుంటాది. అద్దె సంగతి వొచ్చినాక సూసుకుందాం, పీక మీద కూకోను."

రమణి ఊపిరి పీల్చుకుంది. ఫల్గుణ ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"పిన్నీ, నీ కిటికీకి కమ్మీలు గట్టియేనా?"

"గట్టియే. అదేటి, అలాగడుగుతున్నావు?" అంది ఈశ్వరమ్మ. "అన్నానికొచ్చినప్పుడల్లా, కొండలు కనపడతన్నాయని, నువ్వు పట్టుకుని ఏడ్సీవోడివి కదరా ఆ కమ్మీలే."